మా రేవతి ప్రశ్నతో గుడియాత్తం నుంచి వేలూరు మ్యూజియం దాకా

మా అమ్మాయి రేవతి నెలకొక శనివారం వేలూరు పోయేది. సత్తువాచారిలో ఆఫీసుల వెనకున్న చిన్న కళా మ్యూజియంలో, పెద్ద చదువులు చదివినవాళ్లు వచ్చి బొమ్మల గురించి, బట్టల గురించి ప్రసంగాలు చేస్తారు. ఎవరైనా పోవచ్చు, టిక్కెట్టు లేదు. పోయేముందు నోటుబుక్కులో ఒక ప్రశ్న రాసుకునేది. లేచి అడగడానికి సిగ్గుపడి, దాన్ని అట్లే ఇంటికి తెచ్చేది. పోయిన ఏడు జ్వరంతో నా బిడ్డ వెళ్లిపోయింది. చివరిగా రాసుకున్న ప్రశ్న ఆ పుస్తకంలోనే నిలిచిపోయింది. ఈ నెల పాత లుంగీల మీద ప్రసంగమని దాని ఫోనుకు కబురు వచ్చింది. నేను చదివింది అయిదో తరగతి. అయినా ఆ ఒక్క ప్రశ్న అడిగి రావాలని బయలుదేరాను.

ఎనిమిదిన్నరకు గుడియాత్తంలో బస్సు ఎక్కితే, పళ్ళికొండ మీదుగా వేలూరు కొత్త బస్టాండుకు గంటంబావు పట్టింది. అక్కడి నుంచి షేర్ ఆటోకు ఇరవై రూపాయలు.

"యాడికమ్మా? కలెక్టరాఫీసులో అర్జీనా?" అన్నాడు ఆటో అతను.

"కాదు నాయనా, మ్యూజియంలో ప్రసంగం వినేదానికి."

"మాటలు వినేదానికి ఆటో ఎక్కి పోతాండావా? మా ఇంటామె రోజంతా ఊరికే మాట్లాడతాది, ఆడికి రాకూడదా!"

"ఆయమ్మ మాట నువ్వు వినుంటే ఈపాటికి ఇంకో ఆటో కొనుండేవాడివి" అన్నాను. ఆటోలో అందరూ నవ్వారు. రేవతి పోయాక నేను ఒకరిని నవ్వించడం అదే మొదటిసారి.

పదకొండుకు ప్రసంగం. నలభై కుర్చీలుంటాయేమో, ముందుకు పోయే ధైర్యం లేక నేను వెనక వరుసలో కూర్చున్నాను. చెన్నై నుంచి వచ్చిన పరిశోధకురాలు చిన్న వయసు పిల్ల. బల్ల మీద పాత బట్ట పరిచింది. రెండు లుంగీలు, ఇంకా కోయకుండా ఒకే ముక్కగా ఉన్నాయి. వాటి నడుమ అడ్డంగా ఒక పసుపు పోగు. "ఇది పొరపాటున పడిన పోగు కావచ్చు" అందామె తమిళంలో.

ఆఖరి పది నిమిషాలు ప్రశ్నలకు. మైకు ముందు వరుసలోనే తిరుగుతోంది. లేవబోయి మళ్లీ కూర్చున్నాను. బిడ్డ ఎందుకు లేవలేకపోయేదో అప్పుడు తెలిసింది. "ఇదే కడపటి ప్రశ్న" అన్నారు. మైకు కోసం చూడకుండా లేచి, నోటుబుక్కు తెరిచి గట్టిగా చదివాను: "బొమ్మ కింద గీసినవాళ్ల పేరు ఉంటుంది. బట్ట కింద నేసినవాళ్ల పేరు ఎందుకు లేదు?"

ఆమె తెలుగులోకి మారింది. "ఎవరు నేశారో తెలియదమ్మా. ఎక్కడా గుర్తు లేదు."

"గుర్తు ఉండాదే తల్లీ! ఆ పసుపు పోగు పొరపాటు కాదు. ఒక లుంగీ అయిపోయినాక, యాడ కోయాలో తెలిసేదానికి ఏసే పోగు. మా నేత వీధిలో ఒక్కో మగ్గానికి ఒక్కో రంగు. నాలుగిళ్ల బట్టలు కలిసిపోతే ఆ రంగు చూసే ఫలానావాళ్ల నేత అంటాము. మా అత్తది ఆకుపచ్చ. కోసినాక ఆ పోగు పోతాది, దాంతో నేసినోళ్ల పేరూ పోతాది."

"మరి పసుపు ఎవరిది?"

"మా వీధి ముసలోళ్లను అడిగి చెప్తాను."

ఆమె బట్ట మీదికి వంగి, ఆ పోగును చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి కాగితం తీసింది. "మీ పేరు చెప్పండమ్మా, రాసుకుంటాను."

"నాది జవాబు మాత్రమే. ప్రశ్న మా రేవతిది. దాని పేరు ముందు రాయి" అన్నాను. రాసింది. అక్షరం అక్షరం చూసుకున్నాను.

తిరుగు బస్సులో నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చదువుకున్నవాళ్ల చోటు, మనకేం పని అనుకుని, బిడ్డ రమ్మన్నప్పుడల్లా మగ్గం పని సాకు చెప్పాను. ఒక్కసారి పక్కన కూర్చుని ఉంటే మోచేత్తో పొడిచైనా లేపేదాన్ని. ఆ ప్రశ్న పక్కన టిక్కు పెట్టాను. ముందు పేజీల్లో అడగనివి ఇంకా పదకొండు ఉన్నాయి.

పోయేవాళ్లకు ఒక్క మాట. పదిన్నరకే చేరి ముందు వరుసలో కూర్చోండి. వెనక్కి మైకు వచ్చేసరికి టైము అయిపోతుంది. మా రేవతి ఎప్పుడూ వెనకే కూర్చునేది.