పడమటి గోడ మీద చెయ్యి

మా లెక్కల మేడమ్ మొన్న మంగళవారం పొద్దున పోయారు. ఫోన్ వచ్చేసరికి హోసూరులోని మా చిన్న కంపెనీలో కొత్త పెట్టెలకు స్క్రూలు బిగిస్తున్నాను. పట్టుపురుగుల షెడ్డులో వేడి కొలిచి, ఎక్కువైతే ఫ్యాన్లు వేసే పెట్టెలవి. ఆమె లేకపోతే ఈ కంపెనీ మొదటి ఏడాదే మూతపడేది. నలుగురిలో గొప్పలు చెప్పుకున్నప్పుడల్లా ఈ మాట మింగేశాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కృష్ణగిరి కాలేజీలో ఆమె మాకు అప్లయిడ్ మ్యాథ్స్ చెప్పేవారు. ఏ లెక్కైనా మొదలుపెట్టే ముందు బోర్డు మీద నాలుగు గోడలు గీసేవారు. "అంచుల్లో ఏముందో చూడకుండా లోపల ఏముందో చెప్పొద్దప్పా" అనేవారు. వేడి ఎలా పాకుతుందో చెప్పే ఆ పాఠాన్ని బట్టీపట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాను.

మూడేళ్ల కిందట కెలమంగలం దగ్గర ఒక రైతమ్మ షెడ్డులో మా మొదటి పెట్టె పెట్టాం. పురుగులు గూళ్లు కట్టడానికి నాలుగు రోజులుందనగా ఆమె ఫోన్ చేసింది.

"మీ పెట్టె అంతా బాగుందంటాది. నా పురుగులు ఆకు ముట్టేది లేదు. ఏం చేసేదప్పా?"

నా ఫోన్‌లో ఇరవై అయిదు డిగ్రీలని పచ్చగా వెలుగుతోంది. పంట పోతే ఆమె కష్టమంతా మట్టిపాలు. ఆ మాట నాలుగు ఊళ్లు తిరిగితే మమ్మల్ని ఎవరూ గడప తొక్కనివ్వరు. సిగ్గు విడిచి మేడమ్‌కు ఫోన్ చేశాను. తిడుతూనే బస్సెక్కి వచ్చేశారు.

షెడ్డులోకి వెంటనే రాలేదు. మిట్టమధ్యాహ్నం దాటిన ఎండలో చుట్టూ తిరుగుతూ గోడగోడకీ అరచెయ్యి ఆనించారు. పడమటి గోడ దగ్గర చటుక్కున తీసేశారు.

"లోపల సెన్సార్లు ఎన్ని పెట్టినావు?"

"నాలుగు మేడమ్. నాలుగూ కలిపి సగటు తీస్తాం."

"ఆ సగటు వేడి ఉండే తావులో ఒక్క పురుగైనా ఉందా? యాడుందో చూపించు, పోదాం."

ఒక్కో సెన్సార్ అంకె విడివిడిగా తీసి చూశాను. తూర్పు మూల చల్లగా ఉంది, పడమర కొలిమిలా ఉంది. రెండూ కలిసి నా ఫోన్‌లో పచ్చగా కనిపించాయి. అందుకే ఫ్యాన్లు తిరగలేదు. పెట్టె నేను చెప్పినట్టే చేసింది.

మేడమ్ పడమటి వైపున్న పురుగుల తట్టలు తూర్పుకు జరిపించి, గోడకు తడి గోనెలు కట్టించారు. ఒక కొస ఆమే పట్టుకున్నారు. నేను నేల మీద కూర్చుని, సగటు తీసేసి, ఏ మూల వేడెక్కినా ఫ్యాన్లు తిరిగేలా పెట్టె ప్రోగ్రామ్ మళ్లీ రాశాను. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టి చెరిపాను.

"పరీక్షలో తప్పు రాస్తే నీ మార్కులు పోతాయి. ఈడ రాస్తే ఆయమ్మ పంట పోతాది. నిదానంగా రాయప్పా."

అప్పటికే వేడి తగిలిన పడమటి వరుస పురుగులు దక్కలేదు. మిగిలినవి గూళ్లు కట్టాయి. "గోడ సంగతి తెలీని పెట్టె మాత్రం నాకొద్దు" అంది రైతమ్మ. అప్పటినుంచి మా ప్రతి పెట్టె నుంచీ వేడి కొలిచే వైరు ఒకటి బయటి గోడకు పోతుంది.

అంత్యక్రియలు ముగిశాక రాయకోట మీదుగా హోసూరు వచ్చే బస్సెక్కాను. ఎందుకో కెలమంగలంలో దిగి ఆ షెడ్డు దాకా నడిచాను. రైతమ్మ ఎదురొచ్చింది.

"మేడమ్ బాగుండారా అప్పా?"

నేను షెడ్డు వెనక్కి పోయాను. పొద్దు వాలినా పడమటి గోడ ఇంకా కాలుతోంది. అరచెయ్యి ఆనించాను. తీయలేదు.