బుల్లోడికి జరిగిన మర్యాద

ఆ రోజుల్లో న్యూజిలాండ్‌లో మాబోటి కుర్రాళ్లందరిదీ ఒకటే గోల. చదువయింది, వీసా ఉంది, ఉద్యోగమేదీ? ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే "సప్లై చెయిన్‌లో చేస్తున్నానండీ" అనేవాణ్ణి. అబద్ధం కాదు. పాపకూర అనే శివారు పేట అవతల, కూరగాయలు ఏరి బస్తాలకెత్తే ఒక ప్యాక్‌హౌస్‌లో, బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చే ఉల్లిపాయల్లోంచి కుళ్లినవి ఏరి పారేసేవాణ్ణి. అది సప్లై చెయిన్ కాక మరేమిటి? నా పక్కన నిలబడి అదే పని చేసేవాడు బుల్లోడు. ఆరడుగుల మనిషి. (ఇంట్లో ఆఖరివాడు గనక చిన్నప్పుడు పెట్టిన పిలుపు. మనిషి పెరిగాడు, పిలుపు పెరగలేదు.) ఇద్దరిదీ గోదావరి జిల్లానే. పాపకూరలో ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. వంట నాది, గిన్నెలు తోమడం వాడిది, బాత్రూమ్ కడగడం నాది. వాడి పాత కార్లోనే ఇద్దరం పనికి వెళ్లేవాళ్లం. పొద్దున లేచింది మొదలు "ఒరేయ్" అంటే "ఏంట్రా" అనుకుంటూ బతికేశాం.

అలాంటి బుల్లోణ్ణి ఒక సోమవారం పొద్దున మేనేజరమ్మ పిలిచి, పసుపు జాకెట్టు విప్పించి నారింజ జాకెట్టు తొడిగింది. షిఫ్టు సూపర్‌వైజర్! అయితే ఓ మెలిక పెట్టింది. "కొన్నాళ్లు చూస్తాను. నీ టీమ్ నీతో కలిసి పనిచేస్తే ఖాయం చేస్తాను, లేకపోతే మళ్లీ బెల్టు దగ్గరికే." ఖాయమైతే వాడికి ఈ దేశంలో ఉండిపోవడానికి దారి దొరుకుతుంది. కాకపోతే వీసా తీరగానే పెట్టె సర్దుకోవడమే. ఆ సాయంత్రం కోడికూర వండుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. (ఉల్లిపాయలు మమ్మల్ని ఏడిపించడం అప్పటికే మానేశాయి. ఇవి అసలైన నీళ్లే.) వీడు గట్టెక్కాలి భగవంతుడా, అనుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

మా నాన్న మండలాఫీసులో అటెండరు. ఆఫీసరుగారి జీపు చప్పుడు వినబడితే చాలు, ఎక్కడ కూర్చున్నా లేచి నిలబడేవాడు. "మనం లేస్తేనేరా ఆయన ఆఫీసరని నలుగురికీ తెలిసేది" అనేవాడు. ఉద్యోగం గురించి నాకు తెలిసిన విద్య అదొక్కటే. బుల్లోడు ఆఫీసరని ప్యాక్‌హౌస్‌లో నలుగురికీ తెలియాలి. తెలియజెయ్యడానికి నేనుండగా వాడికేం లోటు?

మర్నాడే మొదలుపెట్టాను. సూపర్‌వైజర్ పక్కన కూర్చోవడం బాగుండదని కారు వెనక సీట్లో కూర్చున్నాను. వాడు అద్దంలోంచి చూసి "ఏంట్రా, నేను నీ డ్రైవర్నా?" అన్నాడు. నిజమే, అలా చూస్తే నేనే ఆఫీసర్లా ఉన్నాను. పోనీ నేను నడుపుతాను, నువ్వు వెనక కూర్చో అందామంటే నాకున్నది లెర్నర్ లైసెన్స్, పక్కన అసలు లైసెన్స్ ఉన్నవాడు కూర్చోకపోతే బండి తియ్యకూడదు. చివరికి ముందు సీట్లోనే, వీలైనంత తలుపు వైపు ఒదిగి కూర్చున్నాను. ప్యాక్‌హౌస్ చేరగానే దిగి, చుట్టూ తిరిగొచ్చి వాడి తలుపు తీసి, చేతిలోంచి టిఫిన్ డబ్బా అందుకున్నాను. "వద్దురా బాబూ!" అని వాడు లాక్కోబోయాడు. "మీరు నడవండి సార్" అన్నాను. పదింటి టీ విరామంలో వాడు గదిలోకి రాగానే టీ కప్పుతో సహా లేచి నిలబడ్డాను. వాడు కూర్చునేదాకా నేను కూర్చోలేదు. నేను కూర్చోలేదని సిగ్గుపడి వాడూ కూర్చోలేదు. విరామమంతా ఇద్దరం నిలబడే ఉన్నాం.

మా బెల్టు మీద సమోవా దీవుల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. మాకే కాదు, అక్కడ అందరికీ ఆమె ఆంటీయే. న్యూజిలాండ్‌లో మేనేజరుని కూడా పేరు పెట్టే పిలుస్తారు, సార్ అన్న మాట బళ్లో తప్ప వినబడదు. నా వాలకం రెండు రోజులు చూసి ఆంటీ నన్ను పక్కకి పిలిచింది. "అతను నిన్ను కొడతాడా?" అని గుసగుసగా అడిగింది.

"అయ్యో లేదాంటీ, చాలా మంచివాడు."

"మంచివాడైతే నువ్వెందుకలా వణుకుతూ నిలబడతావు?"

అది వణుకు కాదు, వినయమని ఎలా చెప్పను? మూడో రోజుకల్లా టేబుల్ దగ్గరున్న వాళ్లంతా నన్ను చూసి, బుల్లోడు రాగానే లేచి సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టారు. ముందు వేళాకోళం, తర్వాత ఒళ్లుమంట. సూపర్‌వైజరై వారం కాలేదు, ఫ్లాట్‌మేట్ చేత డబ్బా మోయిస్తున్నాడట అన్న మాట మేనేజరమ్మ దాకా పాకింది.

గురువారం సాయంత్రం బుల్లోడు ఫ్లాట్ ముందు బండి ఆపి, స్టీరింగ్ మీద చేతులుంచుకునే అన్నాడు. "మేనేజరమ్మ పిలిచి అడిగిందిరా, నువ్వు నాకు పనోడివా అని. టీమ్ నాతో కలవట్లేదంట. రేపు టీ టైమ్‌కి వచ్చి చూస్తానంది. నా జాకెట్టు తీసెయ్యడానికే వస్తదనిపిస్తోంది."

"నీకు విలువ పెంచుదామనే కదరా..."

"నాకు విలువెందుకురా? మూడు రోజుల్నించి నువ్వు నన్ను ఒక్కసారి కూడా ఒరేయ్ అన్లేదు. ఇక్కడ నన్ను ఒరేయ్ అనేదెవడ్రా నువ్వు తప్ప?" అంటూ దిగిపోయాడు.

నా ప్రాణం ఉసూరుమంది. మంచి చెయ్యబోయి వాడి కొంప ముంచాను. శుక్రవారం పొద్దున వాడికి చెప్పకుండా మేనేజరమ్మ గదికి వెళ్లాను, బుల్లోడు నన్నేమీ చెయ్యమనలేదని చెప్పడానికి. చెప్పాను కూడా, చేతులు కట్టుకుని, నిలబడి, మాట మాటకీ మేడమ్ అంటూ. ఆవిడ "ప్లీజ్, కూర్చో" అంది. "పర్వాలేదు మేడమ్" అన్నాను. ఆవిడ ముఖంలో దిగులు ఇంకా పెరిగింది. బుల్లోడే నేర్పి పంపాడని ఆవిడ అనుకుందని బయటికొచ్చాక వెలిగింది.

పదింటికి టీ గది నిండిపోయింది. మేనేజరమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. బుల్లోడు లోపలికి రాగానే కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ఆంటీతో సహా అందరూ లేచి సెల్యూట్ కొట్టారు. నా మోకాళ్లు లేవబోయాయి. టేబుల్ అంచు రెండు చేతులా పట్టుకున్నాను. నాన్నా క్షమించు, అనుకుని కుర్చీలో బిగుసుకుపోయాను. గది మొత్తమ్మీద కూర్చున్నది నేనొక్కణ్ణే. బుల్లోడు నావైపు చూశాడు. ఆ చూపు చూసేసరికి నోటికి ఏదొస్తే అది అనేశాను.

"ఒరేయ్ బుల్లోడా! చేపల పులుసు గిన్నె నిన్నట్నించి సింకులో కంపు కొడతంది. ఎవడు తోమతాడ్రా, మీ తాతా?"

వాడు ఎక్కడున్నాడో మరిచిపోయాడు. "ముందు నువ్వు బాత్రూమ్ కడిగి ఏడువ్! కాలెడితే జారిపోతంది!"

"మాట మార్చకు! గిన్నె సంగతి చెప్పు!"

"అడుగంటబెట్టింది నువ్వు, తోమేది నేనా?"

అచ్చ తెలుగులో అలా ఎంతసేపు అరుచుకున్నామో తెలియదు. అలిసి ఆగేసరికి గదంతా మావైపే చూస్తోంది. ఆంటీ మెల్లగా అడిగింది, "దేని గురించి దెబ్బలాట?"

"గిన్నెల గురించి ఆంటీ" అన్నాను. "వాడు తోమడు."

ఆంటీ నవ్వు లంకించుకుని కుర్చీలో కూలబడింది. ఆవిడ వెనకే అందరూ నవ్వుతూ కూర్చున్నారు. ఆ గదిలో సగం మంది నలుగురైదుగురితో కలిసి ఫ్లాట్లలో ఉంటున్నవాళ్లే, ఒకరికి నావైపు న్యాయం కనిపిస్తే ఇంకొకరికి వాడివైపు. ఆంటీ బుల్లోడి వీపు మీద చరిచి, "బెల్టు సంగతి తర్వాత, ముందు గిన్నెలు తోము" అంది. గుమ్మంలో మేనేజరమ్మ కూడా నవ్వుతోంది. ఉల్లిపాయల సీజను అయ్యేసరికి బుల్లోడి ఉద్యోగం ఖాయమైంది. (ఆ చేపల గిన్నె మాత్రం నేనే తోమాను.)

ఇప్పుడు వాడు నగరానికి ఆ చివర హాబ్సన్‌విల్‌లో, నేను ఈ చివర ఫ్లాట్ బుష్‌లో. మొన్నామధ్య నాకూ ఆఫీసులో పదిమంది మీద పెత్తనం వచ్చింది. వాళ్లంతా నన్ను పేరు పెట్టే పిలుస్తారు. కబురు తెలిసి బుల్లోడు ఫోన్ చేశాడు. "కంగ్రాట్యులేషన్స్ సార్" అన్నాడు, గంభీరంగా. వేళాకోళమని తెలుసు. అయినా ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. ఆ మూడు రోజులూ వాడికెలా ఉండేదో ఇన్నేళ్లకి తెలిసొచ్చింది. నేను పలకకపోయేసరికి వాడే మళ్లీ అన్నాడు.

"ఒరేయ్, ఉన్నావా? గిన్నెలు తోమావా?"

"తోముతున్నాన్రా" అన్నాను. ఫోన్ రాగానే, వాడి పేరు చూసి, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానని మాత్రం వాడికి చెప్పలేదు.