మూడు చుక్కల సీసా

మా దుకాణంలో ఖాళీ సీసా కనబడితే చాలు, మేకు తీసుకుని దాని అడుగున ఒక పోటు పొడుస్తాను. లేబుల్ చింపేస్తాను. మూత కాలికింద వేసి తొక్కుతాను. ఇదంతా గల్లాపెట్టె పక్కనే, నలుగురూ చూస్తుండగానే చేస్తాను. "సేటమ్మకు సీసల మీద ఏం పగనో" అని పక్క దుకాణం టైలరు నవ్వుతాడు. నవ్వనీ. కొత్త సరుకు దిగినా నాకు నెమ్మది ఉండదు. తారీఖు అచ్చును బొటనవేలితో రుద్దుతాను. మూత సీలు గిల్లి చూస్తాను. పిల్లల సబ్బు అట్టపెట్టె మీద అక్షరాలు రెండు సార్లు చదువుతాను. మా ఆయన "నువ్వు దుకాణం నడుపుతున్నవా, పోలీస్ స్టేషన్ నడుపుతున్నవా" అంటాడు.

నేను మొదటినుంచీ ఇలాంటిదాన్ని కాదు. దుకాణదారుల ఇంట్లో పుట్టి దుకాణదారుల ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. పొట్లం విప్పిన దారాన్ని కూడా ఉండ చుట్టి దాచే ఇల్లు మాది. ఒక వస్తువును పాడుచేసి పారేయడమంటే నా చేతులే ఒప్పుకునేవి కావు. ఇప్పుడు ఆ చేతులతోనే రోజూ పాడుచేస్తున్నాను.

పోతిరెడ్డిపల్లిలో మా దుకాణం వెనక సందులో వరసగా కిరాయి రూములు ఉండేవి. ఆరు రూములకు కలిపి ఒకటే బాత్రూమ్. అందులో చివరి రూము పెద్దమ్మది. ఆమె నాకు చుట్టం కాదు. నేను అలా పిలిచేదాన్ని, అంతే. వయసులో ఉన్నప్పుడు ఇప్పుడు ప్లాట్లు పడిన చేలలోనే నాట్లకు, కలుపులకు పోయేదట. చేలు పోయాక గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. పొద్దున్నే చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కేది. సాయంత్రం దిగి, ఇంటికి పోయే ముందు మా మెట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకునేది. నాలుగు వస్తువులు కొనడానికి గంటసేపు పట్టేది ఆమెకు. మిగతా సమయమంతా మాటలే.

మా పెద్దపాప పుట్టినప్పుడు నాకు అమ్మ లేదు. పెళ్ళయిన ఏడాదే పోయింది. పురిటికి పోవడానికి పుట్టిల్లంటూ మిగలలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని, దీన్ని ఎట్లా కడగాలో తెలియక నేను బిత్తరపోయి కూర్చున్నాను. అప్పుడు పెద్దమ్మ మెట్టు దగ్గర నుంచే లోపలికి తొంగి చూసి, "ఏంది బిడ్డా, పిల్లకు నీళ్ళు పోసేటోళ్ళు లేరా? నేను లేనా?" అంది. మా ఇంట్లో పెద్దలకు ఆమె లోపలికి రావడం అంతగా నచ్చలేదు. నేను వినలేదు. అప్పటికి నా జన్మలో నేను మొండిగా నెగ్గించుకున్న మాట అదొక్కటే.

పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, చాపిన కాళ్ళ మీద పిల్లను బోర్లా పడుకోబెట్టుకునేది. నువ్వులనూనె రాసి వీపు మీద అరచేత్తో రుద్దుతుంటే పిల్ల ఎర్రగా మెరిసిపోయేది. ముక్కు సాగదీసేది, తల గుండ్రంగా ఒత్తేది. "నాయిన ముక్కే వచ్చింది, ఇగ నేనెంత గుంజితే మాత్రం ఏమైతది" అని మా ఆయన వినేలా అనేది. పెసరపిండి, నీళ్ళు, ఆ తరువాత సాంబ్రాణి పొగ. గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టేసరికి పిల్ల నిద్రలో ఉండేది. ఆ తరువాత పది నిమిషాలు నా తల ఒళ్ళోకి లాక్కుని నూనె పెట్టేది. నేను చాలాసార్లు ఏడ్చేదాన్ని. ఎందుకని ఆమె అడిగేది కాదు. కంపెనీ బస్సు టైము దగ్గరపడితే మాత్రం "జల్దీ ఏడువు బిడ్డా, బస్సు పోతది" అనేది. మూడు నెలలు అలా వచ్చింది. నేను ఏమివ్వబోయినా తీసుకోలేదు, ఒక చీర తప్ప.

ఆమెకు చదువు రాదు. ఏది కొన్నా పేరు చూసి కాదు, నేను చేతికి ఇచ్చానని కొనేది. బాత్రూమ్ ఆరుగురిది కాబట్టి తన సామాను కలిసిపోకుండా గుర్తు పెట్టుకునేది. సూదిని స్టవ్ మీద ఎర్రగా కాల్చి, సీసా అడుగున మూడు చుక్కలు పొడిచేది, సీసాకు చిల్లు పడకుండా పైపైనే. కొబ్బరినూనె డబ్బాకు మూడు చుక్కలు, బాత్రూమ్ కడిగే మందు సీసాకు మూడు చుక్కలు.

ఆ రోజుల్లోనే ఖాళీ సీసాలు కొనేవాడొకడు స్కూటరు మీద రావడం మొదలుపెట్టాడు. రెండు పక్కలా రెండు గోనెసంచులు. మామూలు పాత సామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు, ఇతను సీసాకు ఇంత అని లెక్కన తీసుకునేవాడు. "మూత ఉండాలె, లేబుల్ చినగొద్దు. మంచిగ కడిగి ఇయ్యండి. ఇవన్నీ మల్ల కంపెనీకే పోతయి" అనేవాడు. నాకు సంబరం. పారేసేది కూడా పనికొస్తోందంటే మా ఇంటి పద్ధతికి అంతకంటే ఏం కావాలి? కొనేవాళ్ళందరికీ చెప్పాను, ఖాళీవి తెచ్చివ్వమని. తెచ్చినవాళ్ళకు అగ్గిపెట్టె ఇచ్చేదాన్ని. వచ్చిన సీసాలన్నీ పీచు పెట్టి లోపలా బయటా కడిగి, డాబా మీద బోర్లించి ఆరబెట్టేదాన్ని. లేబుళ్ళు చిరగకుండా జాగ్రత్తగా. లేబుల్ చిరగకూడదని ఎందుకు అడుగుతున్నాడో ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక ఎండాకాలం మాకు సరుకు వేసే ఏజెన్సీవాళ్ళు వారాల తరబడి రాలేదు. బాత్రూమ్ మందు అడిగినవాళ్ళందరికీ లేదని చెప్పలేక మా ఆయన ట్రాలీ ఆటోలో వచ్చిన కొత్తవాడి దగ్గర నాలుగు పెట్టెలు దింపించుకున్నాడు. అదే నీలం సీసా, అదే లేబుల్, అదే మూత. పెద్దమ్మకు ఆ సాయంత్రమే ఒకటి ఇచ్చాను. "మంచిదేనా?" అని కూడా అడగలేదు ఆమె. నా చేతి నుంచి తీసుకుని సంచిలో వేసుకుంది.

మర్నాడు ఆదివారం. పదకొండు గంటలకు వచ్చింది. కుడిచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది, ఎడమచేతిలో ఆ సీసా ఉంది. మూత తిప్పగానే బుస్సుమని పొగ వచ్చి మందు చేతి మీద పొంగిందట. ఆ రోజు నల్లా నీళ్ళు రాలేదు. డ్రమ్ములో నీళ్ళు అప్పటికే అయిపోయాయి. పైటకొంగుతో తుడుచుకుని, మూడో ఇంటివాళ్ళ దగ్గర చెంబెడు నీళ్ళు దొరికేసరికి చాలా ఆలస్యమైంది. గుడ్డ విప్పితే అరచేయి, నాలుగు వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను చూడలేకపోయాను. ఆమె మాత్రం చేతి గురించి మాట్లాడలేదు. సీసా తిప్పి గల్లాపెట్టె మీద పెట్టింది. అడుగున మూడు చుక్కలు.

"ఇది నాదే గద బిడ్డా. కాళీ అయినంక నీకే తెచ్చిచ్చిన. మల్ల నా దగ్గర్కే ఎట్లొచ్చింది?"

నాకు ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. స్కూటరు, గోనెసంచులు, డాబా మీద నేను ఆరబెట్టిన సీసాలు. లోపల పోసింది మందు కాదు, ఏ డ్రమ్ములోంచో వంచిన ఆసిడ్. చెప్పేద్దామని నోరు తెరిచాను. వెనక నుంచి మా ఆయన నా భుజం నొక్కాడు. బేరానికి వచ్చినవాళ్ళు ముగ్గురు నిలబడి వింటున్నారు. "ఏదో కంపెనీ పొరపాటు అయ్యుంటది పెద్దమ్మా" అన్నాను. ఆమె నా ముఖం కొంచెంసేపు చూసి, సరే అన్నట్టు తల ఊపింది.

మా ఆయనే బండి మీద సంగారెడ్డి పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు, మందులన్నీ కొన్నాడు. మిగిలిన సీసాలు ఎవరికీ అమ్మలేదు. ట్రాలీవాడి ఫోను పలకలేదు, స్కూటరువాడు మళ్ళీ ఈ దారిన రాలేదు. "ఇగ ఎక్కడా అనకు, దుకాణం పరువు పోతది" అన్నాడు మా ఆయన. నేను అనలేదు. అదీ నేను చేసిన తప్పు. సీసాలు కడగడం తెలియక చేశాను, ఇది తెలిసే చేశాను.

చేయి మానడానికి నెలలు పట్టింది. ప్యాకింగ్‌లో మళ్ళీ తీసుకోలేదు. ఒకరోజు రూము ఖాళీ చేసి భానూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. పోయేముందు మెట్టు దగ్గర నిలబడి "పోయొస్త బిడ్డా" అంది, కూర్చోలేదు. ఆ తరువాత మూడేళ్ళు సాయంత్రం కంపెనీ బస్సు ఆగినప్పుడల్లా నా చూపు దిగేవాళ్ళ మీదికే పోయేది. దిగేది ఎవరెవరో. ఒడియా పిల్లలు, బీహార్ పిల్లలు, మా పక్క ఆడవాళ్ళు. నా కళ్ళు వెతికేది మాత్రం కాళ్ళు చాపుకుని నిట్టూర్చే ఆ ఒక్క మనిషినే. భానూర్ ఎంత దూరమని? ఆటో ఎక్కితే పోవచ్చు. కానీ ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

మళ్ళీ నెలలు నిండేసరికి ఇక ఆగలేకపోయాను. అమ్మ కావాలనిపించే రోజులవి. నాకు అమ్మ అంటే పెద్దమ్మ ముఖమే గుర్తొచ్చేది. మా ఆయన వద్దన్నా వినకుండా ఆటో మాట్లాడుకుని పోయాను. ఇంటి ముందు చాటలో చింతపండు గింజ తీస్తోంది, ఎడమచేత్తో. నన్ను చూసి లేచి, "అయ్యో, ఈ కడుపుతోని ఇంత దూరం ఎందుకొచ్చినవ్ బిడ్డా" అని పీట వేసింది. నేను కూర్చోకముందే చెప్పేశాను.

"ఆ సీసలు కడిగింది నేనే పెద్దమ్మా. నేనే కడిగి అమ్మిన. ఆ రోజు తెల్సి కూడా నీకు చెప్పలే."

ఆమె మళ్ళీ చాట ముందు కూర్చుని గింజ తీయసాగింది. "నాకెర్కనే. గంత సాఫ్‌గ ఎవలు కడుగుతరు, నువ్వు తప్ప? నువ్వే చెప్తవని చూసిన. ఇగ చెప్పినవ్ గద" అంది. ఒక్క మాటైనా తిడితే బాగుండేది. తిట్లకు సిద్ధపడి పోయాను గాని దీనికి కాదు. ముక్కు చీదుకుంటూ, పోయిన ధైర్యం కూడదీసుకుని అసలు సంగతి అడిగాను. కాన్పు అయ్యాక వచ్చి ఈ పిల్లకు కూడా నీళ్ళు పోయమన్నాను.

ఆమె లోపలికి పోయి చాయ్ పెట్టింది. పొయ్యి మీద నుంచి పొగలు కక్కుతున్న చాయ్ స్టీలు గ్లాసులో పోసి, కుడిచేత్తో పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. అందుకోబోయి చుర్రుమంటే చేయి లాక్కున్నాను. ఆమె అలాగే పట్టుకుని ఉంది.

"చూసినవా? నాకు కాలుతలేదు. నీళ్ళు ఎంత కాగినయో ఈ చెయ్యికి తెల్వదు. పసిగుడ్డుకు ఎట్ల పోస్త బిడ్డా?"

"ఎడమచేత్తో చూడు" అన్నాను, చిన్నపిల్లలా మొండికేసి.

"పసిపిల్లకు ఎడమచేత్తోని పోస్తరా ఎవలన్న?" అని నవ్వి, గ్లాసు కింద పెట్టి, ఆ చేత్తోనే నా తల నిమిరింది. నిమురుతున్నట్టు నాకు తెలుస్తోంది. ఆమెకు తెలియడం లేదు.

ఇప్పుడు మా చిన్నపాపకు రెండో నెల. రోజూ నేనే కాళ్ళు చాపుకుని పోస్తున్నాను. పోసే ముందు నీళ్ళలో చేయి పెడతాను. ఎంత వేడిగా ఉన్నాయో నా చేతికి చక్కగా తెలుస్తుంది. అలా తెలిసిన ప్రతిసారీ చేయి వెనక్కి తీసుకుని, అరచేయి ఒకసారి చూసుకుని, ఆ తరువాతే చెంబు అందుకుంటాను.