కదలకుండా కూర్చున్న మనిషి

నిన్న మనవడి కాలు బెణికితే పట్టు వేయడానికని మా కోడలు కోడిగుడ్ల తెల్లసొన గిన్నెలో తీసి, మిగిలినది పొయ్యి పక్కన మరిచిపోయింది. ఈ పొద్దున వంటింట్లో అడుగు పెట్టగానే ఆ నీచు వాసన తగిలింది. కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గిన్నె బయటికి పట్టుకుపోతుంటే ‘కాసేపు ఉండనీ’ అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. చూడదూ మరి. ఆ వాసనలో నాకు ముప్పై ఏళ్ళ కిందటి మధురై మిద్దె, మిద్దె మీది ఎండ, ఆ ఎండలో కాగితాలు ఆరవేస్తున్న వేంకటసామి మామ కనిపిస్తాడని ఆమెకేం తెలుసు?

ఆ రోజుల్లో ఫోటో కాగితాన్ని మామ ఇంట్లోనే తయారు చేసుకునేవాడు. తెల్లసొనలో ఉప్పు కలిపి, గిలకొట్టి, రోజుల తరబడి నిలవ పెట్టి, దానిమీద కాగితాన్ని తేల్చి ఆరబెట్టేవాళ్ళం. ఒక్కోసారి నలభై గుడ్లు పగిలేవి. మిగిలిన పచ్చసొన అంతా వీధికే. మా వీధిలో పచ్చసొన వేపుడు తినని ఇల్లు లేదు, మామ పిచ్చిని వెక్కిరించని ఇల్లూ లేదు. తినేటప్పుడు కూడా వెక్కిరించేవాళ్ళు.

మధురైకి పడమటి వైపున ముప్పై ఇళ్ళ సందు మాది. ఏ తరంలో వచ్చామో ఎవరికీ సరిగ్గా తెలియదు. అంగట్లో అరవం, ఇంట్లో తెలుగు. మామది మా ఇంటికి మూడో ఇల్లు. ఒక దొర దగ్గర పని నేర్చుకుని, ఆయన సీమకు పోతూ ఇచ్చిన కెమెరా పెట్టెతో పెళ్ళిళ్ళలో, శ్రాద్ధాలలో పటాలు తీసి బతికేవాడు. నేను పెళ్ళయి మేలూరు వెళ్ళినదాన్ని. నాన్న పోయాక అమ్మకు తోడుగా ఏడాది పాటు వచ్చి ఉన్నాను. మా ఆయన పత్తి బేరం మీద ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి అడ్డు చెప్పలేదు. ఊరికే కూర్చుంటే ఏడుపు వస్తోందని నేనే మామ దగ్గర పని అడిగాను. ఆడమనిషికి ఈ పనేమిటని ఆయన అనలేదు. చేతులు చూపించమన్నాడు, అంతే.

పెళ్ళి పటాలు ఆయనకు కూటి కోసం. మనసంతా రాత్రి మీదే. సీమ నుంచి పొడి గాజు పలకలు రావడం మొదలయ్యాక వెన్నెల్లో గంటల కొద్దీ పెట్టె తెరిచి కూర్చునేవాడు. మొదటి నాలుగు పలకల అచ్చుల్లో మసి తప్ప నాకేమీ కనబడలేదు. ఆ మాటే అన్నాను.

‘నలుపంటే ఒకటేనా అమ్మణ్ణీ? బావిలో నలుపు వేరే, పొయ్యెనక నలుపు వేరే. కుంచెం సేపు కండ్లు పెట్టి చూడు, తెలుస్తాది.’

చూశాను. మెడ నొప్పి పుట్టేదాకా చూస్తే గోపురం అంచు, దాని కింద ఒక గోడ మెల్లగా బయటపడ్డాయి. ఏ పని మీదైనా నేను తొందరగా విసుక్కునేదాన్ని. ఆ విసుగు ఆ మిద్దె మీదే కొంత తగ్గింది. పూర్తిగా తగ్గిందంటే మా కోడలు నవ్వుతుంది.

ఆ ఏడే మా సందు మొత్తం తీసేస్తారని తెలిసింది. రైలు సరుకుల కొట్టాల కోసం ఎండాకాలంలోపు ఖాళీ చేయాలన్నారు. కార్తీక దీపాల రాత్రి వీధిని పటం తీస్తానన్నాడు మామ. ఆ రాత్రి నిండు పున్నమి, పైగా ముప్పై ఇళ్ళ దీపాలు. వీధి పెద్ద కొండప్ప నాయుడు అందరినీ పిలిచి ఒప్పించాడు. అయితే ఇంటింటి మనుషులూ పటంలో ఉండాలన్నది ఆయన షరతు.

‘ఉండొచ్చు. కదలకుండా కూచుంటే పడతారు, లేస్తే పడరు. రెండు గంటలు’ అన్నాడు మామ.

‘ఓ, అదేమి పెద్ద పనా’ అన్నారు అందరూ.

నాన్న పోయిన ఏడాది కాబట్టి మా ఇంట్లో దీపం లేదు. పెళ్ళయిన కూతురిని గనుక నాకు ఆ పట్టింపు లేదు, మామతో మిద్దె మీద పెట్టె దగ్గర ఉన్నాను. కింద ప్రమిదల వరసలు వెలిగాయి. అందరూ పట్టుచీరలు కట్టుకుని వాకిళ్ళలో బొమ్మల్లాగా కూర్చున్నారు, పావుగంట. ఆ తర్వాత ఎవరి దీపమో కొండెక్కింది, నూనె పోయడానికి లేచారు. ఇంకెవరి పిల్లో ఏడ్చింది. అసలు సంగతి పేలాల ఉండలు. ఆ రాత్రి ప్రతి ఇంటినుంచీ ప్రతి ఇంటికీ ఉండల తట్ట పోవాలి, వచ్చిన తట్ట ఖాళీగా తిరిగి పోకూడదు. మా వాళ్ళను పటం కోసం ఆపవచ్చునేమో గానీ తట్ట కోసం ఆపలేము. వీధంతా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడిచింది. మామ తల పట్టుకున్నాడు, పెట్టె మాత్రం మూయలేదు.

మరునాడు ఎండలో అచ్చు వేశాను. దీపాలు వచ్చాయి, గోడలు వచ్చాయి, పెంకుల మీద వెన్నెల వచ్చింది. మనుషులు మాత్రం ఒక్కరూ లేరు. ఊరు విడిచి పోయినట్టుంది. కానీ చీకటిగా ఉన్న మా ఇంటి ముందు, తిణ్ణె మీద, స్తంభానికి ఆనుకుని తెల్ల చీరలో అమ్మ కూర్చుని ఉంది. ముఖం కూడా కాస్త తెలిసింది. అంతకుముందు అమ్మను ఎవరూ పటం తీయలేదు. తీస్తారని కూడా మేము అనుకోలేదు. నేను ఆ తడి కాగితం పట్టుకుని ఏడ్చాను.

సాయంత్రానికి కొండప్ప నాయుడు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పటం చూసి, తిప్పి చూసి, కింద పెట్టాడు.

‘మేమెక్కడ?’

‘తట్టలు మోస్తా ఉంటిరి’ అన్నాడు మామ.

‘శరి, మేము లేకపోతే పోనీ. వీధి ఆఖరి పటంలో బొట్టు లేని ఆడమనిషి ఒక్కతేనా? ఇంటింటా గోడకు తగిలించుకునేది ఇది. గోకేసెయ్యప్పా, నల్లగా పోతాది.’

అది నిజమే. కత్తి మొనతో పలక మీద నాలుగు గీతలు గీస్తే ఆ చోటు కాగితం మీద ఉత్త నలుపవుతుంది. చీకటి ఇంటి ముందు ఇంకొంచెం చీకటి. ఎవరికీ తెలియదు. మామ గొంతు పెంచకుండా చెప్పాడు.

‘నేను అందరికీ ఒకే మాట చెప్తిని. ఆ అమ్మ కూచునింది. మీలో ఒకరన్నా ఆ ఇంటికి తట్ట తీసుకోని పోయుంటే ఆమె కూడా లేచుండును, పటంలో ఉండదు. మీరు పోకపోతిరి.’

చావు జరిగిన ఇంటికి ఆ ఏడాది తట్ట పంపకపోవడం మా ఆచారం. అందులో తప్పుందని నేను కూడా ఆ క్షణం దాకా అనుకోలేదు. రేపటికల్లా గోకకపోతే ఇకమీదట ఈ వీధి పెళ్ళిళ్ళకు పిలిచేది లేదని చెప్పి కొండప్ప నాయుడు మెట్లు దిగాడు.

చీకటి పడ్డాక మామ మా ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో గుడ్డలో చుట్టిన పలక, పటం. ఇంకో చేతిలో కత్తి. మూడూ అమ్మ ముందు పెట్టాడు.

‘అక్కా, వాళ్ళు గోకమంటారు. నాకు ఇష్టం లేదు. కానీ మొహం నాది కాదు, వాళ్ళదీ కాదు. నువ్వు చెప్పు.’

అమ్మ దీపం దగ్గరికి జరిగి పటం చూసింది. ఎంతసేపు చూసిందో. గోకేయమంటుందని నాకు భయం. ఎవరినీ నొప్పించని మనిషి. అడిగితే ఇల్లయినా రాసిచ్చే రకం.

‘ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ తిణ్ణె కడిగితిని, ముగ్గేస్తిని. సాయంత్రమైతే మగవాళ్ళు కూచుందురు. నేను కూచునిందే లేదు’ అంది. తర్వాత కత్తి తీసుకుని చీర మడతలో దోపుకుంది. ‘ఇది నా దగ్గర ఉండనీ తమ్ముడూ. నీ దగ్గరుంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతానే ఉంటారు.’

మామ నవ్వలేదు. తల వంచి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అన్నంత పనీ చేశారు. ఆ మాఘంలో మా వీధి పెళ్ళిళ్ళకు అరవాయన ఒకడిని పిలిపించుకున్నారు. వీధి పడగొట్టాక మామ కోయంబత్తూరు చేరాడు. అక్కడ కూడా రాత్రుళ్ళు పెట్టె తెరుచుకుని కూర్చునేవాడని విన్నాను. ఆయన పోయిన కబురు నాకు నెల తర్వాత అందింది. చూడటానికి వెళ్ళలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మేలూరులో నా కొడుకు పటాలు తీస్తాడు, నేను అచ్చు వేస్తాను. కిందటి వారం ఒక పెద్ద కుటుంబం వాళ్ళు పాత పలక తెచ్చారు. అన్నదమ్ములు, భార్యలు, పిల్లలు, చివర ఒక పదహారేళ్ళ అమ్మాయి. ఆ అమ్మాయి ఇష్టమైనవాడితో వెళ్ళిపోయిందట. ఆ చివర నల్లగా చేసి, కొత్తగా అచ్చు వేసి ఇమ్మన్నారు. నా కొడుకు సరేనన్నాడు, పనిముట్ల పెట్టె కూడా తెరిచాడు.

నేను పలక తీసుకుని గుడ్డలో చుట్టాను. ఆ పిల్ల ఇప్పుడెక్కడ ఉంటోందని అడిగాను. చివరికి చిన్న కోడలు నెమ్మదిగా వీధి పేరు చెప్పింది. ఆ పిల్లనే అడిగి వస్తానని చెప్పి బయలుదేరాను.