ఉలవలు ఉడికే నీళ్ళు

నక్కలమిట్ట ఇంకా రెండు మైళ్ళుందనగా రోడ్డు నడిమధ్యన ఒక ముసలామె నిలబడి ఉంది. నెత్తిన గంప, చంకలో ఇత్తడి బిందె. చెయ్యి ఎత్తి ఆపమని అడగలేదు. నేను నిలబడ్డాను కాబట్టి నువ్వూ నిలబడాల్సిందే అన్నట్టు చూసింది. బస్సు డ్రైవరు కుళ్ళాయప్ప బ్రేకు తొక్కాడు.

కండక్టరు ఎర్రన్న తలుపు తెరిచి బిందెలోకి తొంగి చూశాడు. "ఏముండాది పెద్దమ్మా దీంట్లో?"

"నీళ్ళు."

"హిందూపురంలో నీళ్ళే లేవనుకున్నావా? దీనికి లగేజీ టికెట్టు కొట్టాల మరి."

"కొట్టుకో. రేపు సంతలో గుగ్గిళ్ళు రాళ్ళ మాదిరి ఉండాయని నా మింద పడొద్దు."

బస్సంతా నవ్వింది. ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చొని, బిందెను రెండు పాదాల మధ్య ఇరికించుకుంది. పేరు సుంకమ్మ. హిందూపురం సంతలో ఉలవ గుగ్గిళ్ళు అమ్ముతుందని, పక్కనున్న చింతపండు వ్యాపారి తిప్పయ్య అడిగితే చెప్పింది. ఆ తిప్పయ్య మూటలు ఆరు బస్సు పైన ఉన్నాయి.

కుళ్ళాయప్ప మాత్రం నవ్వలేదు. అతని చెవులు ఇంజను మీదున్నాయి.

అతను సహజంగా దిగులు మనిషి కాదు. పొద్దున సంగటి, సాయంత్రం సంగటి, మధ్యలో కదిరి నుంచి మడకశిర దాకా రోడ్డు, ఇంతకుమించి దేవుణ్ణి ఏమీ కోరేవాడు కాదు. కొత్త పైసలు వచ్చిన ఏడాది అది. బస్సు మాత్రం పాతది. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క వీపున బొగ్గుపొయ్యి కట్టుకొని తిరిగిన బండి. మనుషుల్లో కూడా అలాంటి వాళ్ళుంటారు, చేయరాని పనులన్నీ చేసి, చివరికి ఏదో చిన్న జబ్బుతో కూలబడతారు. ఈ బండి జబ్బు ఒకటే: చదునులో గుర్రంలా పోతుంది, మిట్ట ఎక్కితే ఉడుకుతుంది. కుళ్ళాయప్ప నీళ్ళ పంపు మార్పించాడు. బెల్టు బిగించాడు. ఫ్యాను రెక్కలు సరిచేయించాడు. ఒక మేస్త్రీ లోపలి నుంచి ఏదో బిళ్ళ ఊడబెరికి, మన ఎండలకు ఇది పనికిరాదని విసిరేశాడు. ఏం చేసినా మిట్ట మీద ఉడకడం మానలేదు.

నిన్న బండి సావుకారు పిలిచి ఒకే మాట అన్నాడు: "ఇంకొక్క తూరి దోవలో నిలబడిందంటే బండి పాతినుము తూకానికి, నువ్వు ఇంటికి."

నక్కలమిట్ట సగం ఎక్కేసరికి బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ లేచింది. కుళ్ళాయప్ప బండిని పక్కకు తీసి, స్టీరింగు మీద చేతులు వదిలేశాడు. జనం దిగి తుమ్మచెట్ల నీడల్లోకి చేరారు. కాసేపటికి అందరి చూపులూ బిందె వైపు తిరిగాయి.

"పెద్దమ్మా, ఆ నీళ్ళు ఇటియ్యి" అన్నాడు కుళ్ళాయప్ప.

"ఇయ్యను."

తిప్పయ్యకు మండింది. "నీళ్ళు గూడా ఇయ్యవా? ఏం మనిషివమ్మా నువ్వు!"

"ఎందుకు ఉడుకుతాండాదో చెప్పమను, ఇస్తా. ఊరికే పోస్తే ఇంకో మైలు పోయి మళ్ళా ఉడుకుతాది. నా నీళ్ళూ పాయ, మీ దోవా పాయ."

"అది తెలిస్తే ఉడకనిస్తానా తల్లీ?" అన్నాడు కుళ్ళాయప్ప. ఆ గొంతులో కోపం లేకపోవడం చూసి సుంకమ్మ లేచి వచ్చింది.

ఇంజను కాస్త చల్లారేదాకా ఆగి, అతను టవలు చుట్టి రేడియేటరు మూత తిప్పాడు. ఆమె వేలు పెట్టి లోపలి అంచు గోకింది. గోటి కింద తెల్లటి పెచ్చు వచ్చింది. నాలుకకు తాకించుకొని తూ అని ఉమ్మేసింది.

"ఎప్పుడు కుమ్మరించినావప్పా దీన్ని?"

"కుమ్మరించేదేంది? రెండేండ్ల నుంచి చుక్క నేల మింద పారబొయ్యలా. తక్కువైనంత పోస్తా, అంతే."

ఆ మాట అతను కాస్త గర్వంగానే అన్నాడు. చెయ్యి కడిగినా మొక్క మొదట్లోనే కడిగే మనిషి. ఈ సీమలో పుట్టి, తవ్విన బావి అడుగున చెంబు ముంచడానికి వరసలో నిలబడి పెరిగిన వాడికి, నీళ్ళు పారబోయడం అన్నం పారబోయడం కంటే ఎక్కువ తప్పు.

"యా బాయి నీళ్ళు?"

"దోవలో యాడ దొరికితే ఆడివి."

"ఈ దోవలో తొమ్మిది బావులుండాయి. ఎనిమిదింట్లో ఉలవలు ఉడకవు" అంది సుంకమ్మ.

పాత వైద్యగ్రంథాల్లో నీళ్ళకు ఎన్నో జాతులు రాశారు గాని, రాసినవారు పొయ్యి ముందు కూర్చొని ఉండరు. సుంకమ్మ కూర్చుంది. కాపురానికి వచ్చిన తొలినాడే పప్పు బ్యాళ్ళు ఉడకలేదు. పొద్దు వాలేదాకా మంట పెట్టినా గింజ గింజగానే ఉంది. వంట రాని పిల్లను అంటగట్టారని అత్త వీధిలో నిలబడి అరిచింది. తన పుట్టింట్లో ఇవే బ్యాళ్ళు మెత్తగా ఉడికేవని ఆ పిల్లకు తెలుసు. మరునాడు కొంగున ఉలవలు కట్టుకొని బావి బావికీ తిరిగింది. ప్రతి చోటా మూడు రాళ్ళు పెట్టి, గుప్పెడు గింజలు ఉడికించి చూసింది. అట్లా దొరికిన బావి ఒకటే. మొగుడు పోయాక ఆ బావి నీళ్ళే ఆమెకు బతుకుదెరువు అయ్యాయి. నలభై ఏళ్ళుగా వేరే నీళ్ళు తపేలాలో పోయలేదు. ఎప్పుడైనా తప్పనిసరై పోస్తే అడుగున తెల్లగా అట్టు కట్టేది.

"నీళ్ళు ఆవిరై పోతాయి. ఉప్పు యాడికి పోతాదప్పా?" అంది ఆమె. "రెండేండ్ల ఉప్పు దీని కడుపులోనే ఉండాది. అట్టు కట్టిన తపేలా ఎంత మంటైనా తాగుతాది గానీ, లోపలికి సెగ పోనియ్యదు."

కుళ్ళాయప్ప రేడియేటరు మీద అరచెయ్యి ఆనించాడు. పైన ఇంకా కాలుతోంది. రెండు అంచులూ వేడిగా ఉన్నాయి. నడిమి భాగం మాత్రం ఇంట్లో కుండలా చల్లగా ఉంది. అక్కడ నీళ్ళు తిరగడమే లేదు. బండి ఉడకడం మొదలైన ఈ ఆరు నెలల్లో చెయ్యి పెట్టి చూడాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

"అట్టు దేంతో తోముతావు పెద్దమ్మా?"

ఆమె బస్సు పైనున్న మూటల వైపు చూసింది. తిప్పయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నా చింతపండు ఇనుముకు తినిపిస్తారా?"

"లేదంటే ఆరు మూటలూ నెత్తిన పెట్టుకొని నడుచుకుంటా పోన్నా" అన్నాడు ఎర్రన్న, నిచ్చెన ఎక్కుతూ.

రేడియేటరు కింది కుళాయి మీద చెయ్యి వేసి కుళ్ళాయప్ప కొంచెంసేపు ఆగాడు. చుట్టూ జనం. వాళ్ళలో కొందరు తల తిప్పుకున్నారు కూడా. "తిప్పు నాయనా, తప్పు నాది" అంది సుంకమ్మ. తిప్పాడు. తుప్పురంగు నీళ్ళు మట్టిలోకి పారాయి. దారిన పోయే మేక ఒకటి మూతి పెట్టి, తల విదిలించుకొని పోయింది.

గంపలోంచి తపేలా తీసి మూడు రాళ్ళ మీద పెట్టారు. మిట్ట కింద దూరంగా ఉన్న ఒక చేని బావి నుంచి ఎర్రన్న డబ్బాలతో నీళ్ళు మోసుకొచ్చాడు. చింతపండు మరిగించి, టవల్లో వడగట్టి, ఆ పులుసు రేడియేటరులో నింపారు. అరగంట ఇంజను ఆడింది. రోడ్డంతా చారు వాసన. "పోపు మర్చిపోయినారు" అని ఎవరో అన్నారు. ఈసారి కుళాయి తిప్పితే ఎర్రటి బురద, దాంట్లో గుడ్డు పెంకుల్లాంటి పెచ్చులు పడ్డాయి. రెండు సార్లు కడిగారు. తిప్పయ్య కూడా వంగి చూసి, నా చింతపండు మామూలుది కాదులే అన్నాడు.

అప్పుడు సుంకమ్మ బిందె ఎత్తింది. వడగట్టే గుడ్డ కూడా అడగకుండా, తనే పోసింది. నీళ్ళు అంచు దాకా వచ్చి ఆగాయి. బిందె ఖాళీ అయింది.

"ఇంక నేనెక్కిన తావుకు దగ్గరుండే ఈ బాయి నీళ్ళే పొయ్యి. లేదంటే వాన నీళ్ళు."

"వాన యాడుండాది పెద్దమ్మా!" అన్నాడు కుళ్ళాయప్ప. ఆ రోజుకు మొదటిసారి నవ్వాడు.

జనం ఎక్కారు. బండి మిట్ట ఎక్కింది. కుళ్ళాయప్ప ఇంజను చప్పుడు వింటూనే ఉన్నాడు. బుస లేదు, పొగ లేదు. మిట్ట కొనన ఆపి, దూకి, బానెట్ ఎత్తి అరచెయ్యి పెట్టాడు. అంచులు ఎంత వెచ్చనో నడుమా అంతే వెచ్చన.

"పెద్దమ్మా, ఇట్ల వచ్చి చెయ్యి పెట్టి చూడు!" అని కేకేశాడు.

ఎర్రన్న ఆమె సీటు చూశాడు, ఖాళీ. "ఎక్కిందనుకుంటినే!"

కింద, బండి ఆగిన చోటుకు దిగువన, నెత్తిన గంపతో చంకలో ఖాళీ బిందెతో ఒక మనిషి వచ్చిన దారినే వెనక్కి పోతోంది. కుళ్ళాయప్ప హారన్ రెండుసార్లు పిండాడు. ఆమె తిరిగి చూడలేదు. రేపటి గుగ్గిళ్ళకు ఈ రాత్రే ఉలవలు నానాలి. ఆ నీళ్ళ బావి మూడు మైళ్ళుంది.