రీలు ముందు నాలుగు బారలు

నీళ్ల మీటర్లు చదివే ఉద్యోగంలోకి ఎవరూ ముచ్చటపడి రారు. అతనూ రాలేదు. దొరికింది కాబట్టి చేరాడు. చేరిన ఏడాదికే అందులో ఉన్న సుఖం ఒకటి కనిపెట్టాడు. ఏ ఇంటి తలుపైనా కొట్టొచ్చు, ఎవరూ కాదనరు. మెట్ల కిందికి, వంటింటి వెనక్కి, సామాను గదిలోకి తిన్నగా వెళ్లిపోవచ్చు. మీటరు మీద అంకెలు చూడ్డానికి అర నిమిషం చాలు. మిగతా నాలుగు నిమిషాలూ అతని కళ్లు అటకల మీద ఉండేవి.

అటకల మీద అతను వెతికేది పాత టేపు రీళ్లు. అవి కూడా అన్నీ కాదు. అరవైల్లో వచ్చిన గూఢచారి సినిమాల్లో వెనక వాయించిన సంగీతం ఉన్నవే కావాలి. నల్లకళ్లద్దాల హీరో, బీరువా వెనక రహస్య ద్వారం, మీట నొక్కితే తెరుచుకునే నేల, ఇవన్నీ ఇప్పుడు చూస్తే చంటిపిల్లలు కూడా నవ్వుతారు. కానీ హీరో పరిగెత్తేటప్పుడు మోగే ఆ ట్రంపెట్లు, ఆ బోంగోలు, మధ్యలో ఉలిక్కిపడేలా మీటే గిటారు వింటే అతనికి ఒళ్లు జలదరించేది. పాటలకైతే రికార్డులు వేశారు. ఈ పరుగుల సంగీతానికి ఎవరు వేస్తారు? సినిమాకి ఎక్కించాక అదే టేపు మీద ఇంకో సినిమాకి రికార్డు చేసేసేవాళ్లు. మిగిలిందల్లా, వాయించినవాళ్లు గుర్తుగా ఇంటికి పట్టుకెళ్లిన ఏ ఒకటో అరో.

ముప్పై ఏళ్లలో అలాంటివి రెండు వందల పైచిలుకు పోగేశాడు. కూతురు హాస్టలుకి వెళ్లిన వారానికే దాని మంచం వరండాలోకి, రీళ్లు దాని గదిలోకి వెళ్లాయి. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల వాళ్లమ్మ పక్కన చాప వేసుకుని పడుకునేది. "పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాట్ట వెనకటికెవడో" అని భార్య అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది, అనడం మానలేదు.

ఊళ్లో ఇలాంటివాళ్లు ఇంకో నలుగురున్నారు. నెలకో ఆదివారం, వాళ్లలో ఒకడైన పళ్ల డాక్టరు ఆసుపత్రిలో, పేషెంట్లు కూర్చునే కుర్చీల్లో కూర్చుని ఒకరి సరుకు ఒకరు వినేవాళ్లు. పైకి స్నేహమే. లోపల మాత్రం ఎవడికి వాడు మిగతా నలుగురి ఇళ్లూ ఎప్పుడు మునుగుతాయా అని చూసే రకం. వాళ్లలో ఒక ఆచారం ఉంది. ఒకడి దగ్గర మాత్రమే ఉన్న సంగీతాన్ని ఇంకొకడికి కాపీ ఇవ్వాల్సి వస్తే, చివరి పది సెకన్లూ కోసేసి ఇవ్వాలి. పూర్తిది ఎప్పటికీ ఒక్కడి దగ్గరే ఉండాలి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు మర్యాద.

ఈ అయిదుగురూ కథలుగా చెప్పుకోవడమే తప్ప ఎన్నడూ విననిది ఒకటుంది. నిర్మాత చేతులెత్తేయడంతో సగంలో ఆగిపోయిన ఒక గూఢచారి సినిమాలో, హీరో లైట్‌హౌస్ మెట్ల మీద పరిగెడుతుంటే రావాల్సిన సంగీతం. ఏడు నిమిషాలట. బోంగోలతో మొదలవుతుందట. మెట్ల పరుగు అని దానికి వీళ్లే పేరు పెట్టుకున్నారు. మిగతా రెండు వందలూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

అది వాళ్లలో మీటర్లు చదివేవాడికి దొరికింది.

అతనికి కొత్త వీధులు అప్పజెప్పిన నెలలోనే దొరికింది. ఒక పాత మేడ కింది వాటాలో డెబ్భై దాటిన ముసలావిడ ఒక్కతే ఉంటోంది. మీటరు వంటింటి తొట్టి కింద ఉంది. దానికి పైన అరలో, బిస్కెట్ల డబ్బాల పక్కన గుండ్రటి రేకు డబ్బా ఒకటి. దాని మీద పెన్సిలుతో సినిమా పేరు. అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"నడుం పట్టేసిందా బాబూ?" అంది ముసలావిడ.

"లేదు పిన్నిగారూ. ఆ డబ్బా..."

"అదా, మా ఆయనది. సినిమాలకి బోంగోలు వాయించేవారు. పోయి ఇరవై ఏళ్లు. ఇదివరకెవరో పళ్ల డాక్టరట, వచ్చి అమ్ముతారా అన్నాడు. ఆ అడగడం నాకు నచ్చలేదు. లేదు పొమ్మన్నాను."

నాకిస్తారా అని అడిగితే తననీ పొమ్మంటుందని భయపడి, ఊరికే నిలబడ్డాడు. ఆవిడే అంది.

"మా టేపు మిషను పాడై పాతికేళ్లయింది. నీ దగ్గరుందా?"

"ఉంది పిన్నిగారూ. మూడున్నాయి."

"అయితే ఒక్క పని చేసిపెడతావా? నాకు సంగీతం అక్కర్లేదు. దాని మొదట్లో ఆయన మాట ఉంది. అదొక్కసారి వినిపించు."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. పెళ్లయిన కొత్తలో ఆయన ఆవిడని రికార్డింగుకి తీసుకెళ్లాడట. అద్దం వెనక ఇనప కుర్చీలో కూర్చోబెట్టాడట. మొదలుపెట్టబోతూ మైకు దగ్గరికి వంగి, ఆవిడ వైపు చూస్తూ ఏదో అన్నాడట. ఇరవై మంది వాయిద్యగాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారట. వెంటనే ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి వాయింపు మొదలుపెట్టాడట.

"నేను చేతుల్లో మొహం దాచేసుకున్నాను. నా చెవులు వేడెక్కడం గుర్తుంది, వాళ్ల నవ్వులు గుర్తున్నాయి. ఆయన ఏమన్నారో అది మాత్రం పోయింది బాబూ. ఎంత తన్నుకున్నా రాదు. ఫోటోలు అరడజనున్నాయి, ఫోటో మాట్లాడదుగా. ఆయన గొంతున్నది ఇదొక్కటే."

"మొదట్లోనే ఉందా పిన్నిగారూ?"

"అసలు మొదట్లో. వాయింపుకి ముందు."

"సోమవారం మిషనే మోసుకొస్తాను. మీ వంటింట్లోనే విందురుగాని" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు, ఆ మాత్రం న్యాయం అతనికి చెయ్యాలి. ఆవిడ డబ్బా తుడిచి అతని చేతిలో పెట్టింది.

ఆదివారం పొద్దున్న స్నానం చేసి, తలుపు గడియ పెట్టుకుని డబ్బా తెరిచాడు. అంత పాత టేపుకి ఒక జబ్బు ఉంటుంది. పైన చుట్టుకున్న మొదటి భాగం ఎండి, ముడతలు పడి, అప్పడంలా పెళుసుబారుతుంది. దాన్ని అలాగే మిషనుకి ఎక్కిస్తే చటుక్కున తెగుతుంది, తెగిన కుదుపుకి లోపలి మంచి టేపు కూడా చీలుతుంది. అందుకని ఈ అయిదుగురూ చేసేది ఒకటే. ఆ పాడైన ముందు భాగాన్ని వినకుండానే కత్తిరించి పారేస్తారు. దాని చోట కొత్త తెల్లటేపు అతికించి, అప్పుడు తిప్పుతారు. ఆ ముందు భాగంలో ఎప్పుడు చూసినా కుర్చీల చప్పుళ్లు, దగ్గులు, ఒకడినొకడు విసుక్కోవడాలు. సంగీతం ఉండదు. సంగీతం లేనిది వాళ్ల దృష్టిలో చెత్త.

ముప్పై ఏళ్ల అలవాటు. గడ్డం గీసుకునేటప్పుడు ఎవరైనా ఆలోచిస్తారా? చేతులు వాటంతటవే కొలిచాయి. ఒక బార, రెండు, మూడు, నాలుగు. అక్కడ ముడతలు అయిపోయాయి. కత్తెర ఆడింది. తెగిన టేపు అతని గుప్పిట్లోనే పెళపెళ విరిగింది. వంటింట్లోకి వెళ్లి కూరగాయల తొక్కలున్న బుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చాడు. అప్పుడతని మనసులో ముసలావిడ లేదు. మెట్లు ఉన్నాయి, పరుగు ఉంది.

మిషను తిరిగింది. ముందు బోంగోలు, ఎవరో మెత్తటి చెప్పులతో మెట్లెక్కుతున్నట్టు. తర్వాత గిటారు. మూడో నిమిషంలో ట్రంపెట్లు. అతను కుర్చీలో కూర్చునే ఏడ్చాడు. రెండోసారి వినలేదు, టేపు అరుగుతుందని. మొదటిసారే కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత పళ్ల డాక్టరుకి ఫోను చేసి, ఫోను స్పీకరు దగ్గర పది సెకన్లు పట్టుకుని, ఏమీ చెప్పకుండా పెట్టేశాడు. డాక్టరు సాయంత్రం లోపు పదకొండుసార్లు ఫోను చేశాడు. ఒక్కటీ ఎత్తలేదు. అంత తృప్తిగా ఆ ఆదివారం గడిచింది.

సోమవారం పొద్దున్న మిషను సంచీలో సర్దుతుంటే భార్య అడిగింది, "ఇదెక్కడికి ఊరేగింపు?"

"ఆ పిన్నిగారింటికి. వాళ్లాయన గొంతు విని..."

గొంతు అన్న మాట నోటంట వచ్చాక గాని అతనికి తెలియలేదు. సంచీ వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాడు. బుట్ట ఖాళీగా ఉంది.

"బండొచ్చి వెళ్లి అరగంటయింది. ఏం పోయింది?" అంది భార్య.

చెప్పులు కూడా లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తి, రెండో వీధిలో చెత్తబండిని పట్టుకున్నాడు. తోలేవాడు వెనక్కి చూసి, "లోపలంతా నొక్కి ముద్ద చేసేస్తుంది సార్. బంగారమైనా దొరకదు" అన్నాడు. జాలిపడే అన్నాడు.

ఇంటికొచ్చి భార్యకి జరిగింది చెప్పాడు.

"వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిడితే పడండి. కొట్టినా పడండి."

"చెప్తే రీలు వెనక్కి తీసుకుంటుంది."

"తీసుకోనివ్వండి. ఆవిడదేగా?"

"తీసుకుని ఆ డాక్టరుకి ఇచ్చేస్తుంది. నా మీద కోపంతో ఇచ్చేస్తుంది. నీకు తెలీదు."

భార్య అతని మొహంలోకి చూసింది. "ఇన్నేళ్లూ మీకు పిచ్చి అనుకున్నాను. పిచ్చయితే బాగుండేది" అని లోపలికి వెళ్లిపోయింది.

ముసలావిడ తలుపు తెరిచేసరికి ఇల్లు సర్ది ఉంది. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుంది. వీధి వైపు కిటికీలు మూసేసింది. పై వాటా వాళ్లని కాసేపు కుర్చీలు జరపొద్దని బతిమాలి వచ్చిందట. చెవి మిషనుకి కొత్త బ్యాటరీ వేసుకుంది. "నిన్న రాత్రి నిద్రే పట్టలేదు బాబూ, పెళ్లిచూపులకి కూర్చున్నట్టుంది" అని నవ్వింది.

అతను మిషను బల్ల మీద పెట్టి, రీలు ఎక్కించి, మీట నొక్కాడు. తెల్లటేపు చప్పుడు లేకుండా తిరిగింది. ఆవిడ మెడ ముందుకి చాపింది. బోంగోలు మొదలయ్యాయి.

ఆవిడ అలాగే ఉంది. ఏడు నిమిషాలూ మెడ చాపుకునే ఉంది. టేపు చివర చక్రం నుంచి జారి టపటపా కొట్టుకుంటుంటే అతను ఆపేశాడు.

"మొదట్నుంచీ పెట్టలేదా బాబూ?"

"మొదట్నుంచే పెట్టాను పిన్నిగారూ. ఇంతే ఉంది."

"మాట లేదా? ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టడం?"

"లేదండీ." అక్కడితో ఆగినా కొంత నయమే. ఆగలేదు. "ఆ రోజుల్లో టేపు పొదుపుగా వాడేవాళ్లు పిన్నిగారూ. సరిగ్గా వాయింపు మొదలయ్యే క్షణానికే మిషను ఆన్ చేసేవాళ్లు. ముందు మాటలు ఎక్కవు. ముప్పై ఏళ్లుగా వింటున్నాను, ఏ రీల్లోనూ ఉండవు." తన గొంతు ఎంత నిబ్బరంగా ఉందో అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆవిడ చెవి మిషను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ముప్పై ఏళ్లు కాపురం చేశాను. ఆ రోజు ఏమన్నారండీ అని ఒక్కనాడు అడగలేదు. టేపులో ఉందిగా, ఎప్పుడైనా వినొచ్చులే అనుకున్నాను."

అతను నోరు తెరిచాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఉంది పిన్నిగారూ, మీరు చెప్పింది నిజమే, పాపం నాది అని చెప్పొచ్చు. ఆవిడకి మాట దక్కదు గాని, మాట ఉందన్న నిజమైనా దక్కుతుంది. రీలు ఇంకా మిషను మీదే ఉంది. దాని వైపు చూసి నోరు మూసుకున్నాడు.

"నువ్వు తెలిసినవాడివి, నువ్వు లేదంటే లేదు" అంది ఆవిడ. "అసలు అన్నారో లేదో కూడా. ఇంకెవరో ఏదో అంటే అందరూ నవ్వి ఉంటారు. నన్నే అన్నారని నేను మురిసిపోయి ఉంటాను. చిన్నపిల్లనిగా. ఆయన అలా అందర్లో మాట్లాడే మనిషి కూడా కాదు. అవును, ఆయన అలా అనే మనిషే కాదు."

ఆ చివరి మాట రెండుసార్లు తనలో తనే అనుకుంది. తర్వాత లేచి, రేకు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో బాబూ. ఆయన లేనిది నాకెందుకు?"

అతను రీలుని డబ్బాలో పెట్టి, మూత బిగించి, సంచీలో వేసుకున్నాడు.