ఆవిడ మాట, ఆయన నోట

మొన్న మా మణికొండ సందు చివర కూరగాయల బండి దగ్గర నిలబడి ఉంటే, తలకు పసుపు రంగు వస్త్రం చుట్టుకున్న ఒక విదేశీ అమ్మాయి వచ్చి "బామియా, బామియా" అని అడిగింది. బండతను బీరకాయ చూపించాడు, వంకాయ చూపించాడు, ఆఖరికి విసుగొచ్చి బొప్పాయి కూడా చూపించాడు. "ఏమడుగుతుందో సమజైతలేదమ్మా" అన్నాడు నాతో. నేను గుప్పెడు బెండకాయలు తీసి ఆ అమ్మాయి చేతిలో పెడితే ఆమె మొహం విప్పారింది. "మీకు గా భాషొస్తదా?" అని అతను ఆశ్చర్యపోయాడు. రాదు. నాకు తెలిసినవి ఏవో నాలుగైదు మాటలు. అవి నేర్పిన దంపతులు గుర్తొచ్చి, ఇంటికొచ్చాక సంచి వంటగట్టు మీద పెట్టేసి వాళ్లనే తలచుకుంటూ కూర్చున్నాను.

రిటైరయ్యే ముందు నేను మాదాపూర్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో, క్యాన్సర్ విభాగంలో హెడ్ నర్సుని. గుంటూరు జిల్లా నుంచి నర్సింగు చదివి వచ్చి, ఈ బండరాళ్ల మధ్య అద్దాల మేడలు లేస్తుంటే చూస్తూ ముసలిదాన్నయ్యాను. మా దగ్గరికి అరబ్బీ మాట్లాడే దేశాల నుంచి రోగులు చాలామంది వచ్చేవారు, వాళ్ల కోసం ట్రాన్స్‌లేటర్లు ఉండేవారు. అలా రోగుల మాటలు చెప్పడానికి వచ్చినవారే సూడాన్ డాక్టరుగారు. గుమ్మం తగిలేంత ఎత్తు, నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ట్రాన్స్‌లేటర్లకు ఒక నియమం ఉంటుంది. రోగి "నాకు నొప్పి" అంటే వీళ్లూ "నాకు నొప్పి" అనాలి తప్ప "ఈమెకు నొప్పట" అనకూడదు. అందుకని ఈ ఆజానుబాహుడు పరమ గంభీరంగా "డాక్టర్, నాకు నెలసరి ఆగిపోయింది" అంటుంటే, మా ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తేది. ఒకరోజు ఆమే నన్ను అడిగింది. "గా సారు డాక్టరేనంట కద సిస్టరమ్మా? మరి గీడ మాటలు చెప్పుడేంది?"

డాక్టరే. వాళ్ల ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రిలో పెద్ద సర్జన్. యుద్ధం ఊరి మీదికి వచ్చినప్పుడు తోటివాళ్లంతా వెళ్లిపోతుంటే ఆయన ఉండిపోయారు. ఊరిని పట్టుకున్నవాళ్లు తమ గాయపడినవాళ్లను తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. ఆయన కుట్లు వేశారు. మందులు అయిపోయాక పాత దుప్పట్లు ఉడకబెట్టి కట్లు కట్టారు. కొన్నాళ్లకు వాళ్లు పోయి రెండో పక్షం వచ్చింది. ఊళ్లో యుద్ధం అయిపోయిందని జనం వీధుల్లోకి వచ్చి సంతోషంతో ఏడ్చారట. ఆ వెంటనే, శత్రువులకు వైద్యం చేసినవాళ్లెవరని వెతుకులాట మొదలైంది. ఆయనతో పనిచేసిన మత్తు డాక్టరుని ఇంట్లోంచి తీసుకుపోయారు. అతను మళ్లీ కనబడలేదు. "యుద్ధం జరిగినన్నాళ్లూ నన్ను చంపాలని ఎవరూ అనుకోలేదు సిస్టర్. శాంతి వచ్చాకే పారిపోవాల్సి వచ్చింది" అని ఒకసారి టీ తాగుతూ చెప్పారు. భార్యను సముద్రపు ఒడ్డున వాళ్లమ్మగారింట్లో దింపి, వైద్యానికి ఇక్కడికి వస్తున్న ఒక బంధువుకు తోడుగా ఈయన విమానం ఎక్కారు. పట్టాలన్నీ ఆసుపత్రితో పాటే కాలిపోయాయి. ఇక్కడ కత్తి పట్టే వీలు లేదు. గోపన్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని, ఇతర డాక్టర్ల మాటలు చేరవేస్తూ బతికారు.

ఏడాది తిరిగాక భార్య వచ్చింది. బడిలో పంతులమ్మగా చేసిన మనిషి. సన్నగా, చూపులో చురుకుగా ఉండేది. రొమ్ములో గడ్డ ఊరు విడిచి పారిపోతున్నప్పుడే చేతికి తగిలిందట. ఫోనులో చెబితే ఈయన వెనక్కి వచ్చేస్తారని, వస్తే పట్టుకుపోతారని భయపడి దాచింది. అలాంటి గడ్డ తీసే ఆపరేషన్ ఆయన జీవితమంతా పరాయి ఆడవాళ్లకు చేసినదే.

పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు ఇంకో ట్రాన్స్‌లేటర్ సెలవులో ఉంది. ఇంటివాళ్ల చేత చెప్పించకూడదని నియమం ఉన్నా, మా పెద్ద డాక్టరుగారు "ఆయన కూడా డాక్టరే కదా, ఫరవాలేదు" అన్నారు. ఆ గదిలో నేనూ ఉన్నాను. పెద్ద డాక్టరుగారు ఇంగ్లీషులో మెల్లగా చెప్పారు. కాలేయానికి, ఎముకలకు పాకింది. నయం చేసే దశ దాటింది. మందులిస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చు, కానీ ఆ మందులతో చాలా నీరసపడతారు. కలుసుకోవలసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే కలుసుకోండి. సూడాన్ డాక్టరుగారు గొంతు సవరించుకుని అరబ్బీలో చెప్పారు. ఆవిడ విని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, పెద్ద డాక్టరుగారిని చూసి నవ్వింది. ఎంత ధైర్యమమ్మా నీకు అనుకున్నాను.

మందులు మొదలయ్యాయి. జుట్టు రాలింది, ఏం తిన్నా కక్కేసేది. నేను ఆదివారం చర్చి అయ్యాక గోపన్‌పల్లి వెళ్లేదాన్ని. వాళ్ల వంటల్లోనూ పల్లీల ముద్ద పడుతుందట. నా పల్లీ పచ్చడి ఒక్కటే ఆవిడకు కడుపులో నిలిచేది. ఒక ఆదివారం పచ్చడి వేళ్లతో నాకుతూ, విరిగిన ఇంగ్లీషులో ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. మందు అయిపోతుంది. జుట్టు వస్తుంది. ఒంటికి బాగైపోయాక, చలికాలంలో అమ్మ దగ్గరికి. నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆయన పొయ్యి దగ్గర నిలబడి, ఇటు తిరగకుండా ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతున్నారు.

మర్నాడు ఆసుపత్రి మెట్ల దగ్గర ఆపాను. "డాక్టరుగారూ, ఆవేళ మీరేం చెప్పారండీ ఆవిడకి?"

ఆయన గోడకు ఆనుకున్నారు. "నయమవుతుందని చెప్పాను."

"ఎందుకండీ అలా?"

"నిజం చెబితే అమ్మ దగ్గరికి వెళ్లిపోతానంటుంది. నేను అక్కడ కాలు పెట్టలేను. ఇల్లు పోయింది, పని పోయింది, దేశం పోయింది. ఈమెను కూడా నా చేతులతో నేనే పంపేయాలా సిస్టర్?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఉన్న కొద్దిరోజులు ఎక్కడ గడపాలో ఆవిడే తేల్చుకోవాలి కదండీ."

"మీరు చెప్పండి. నావల్ల కాదు."

"నేను చెప్పను. మాట మార్చింది మీరు, దిద్దాల్సిందీ మీరే. లేదంటే పెద్ద డాక్టరుగారి ముందు ఇంకో మనిషి చేత చెప్పిస్తాను."

ఆ వారంలోనే చెప్పారు. నేను వెళ్లేసరికి ఆయన గది బయట చెప్పుల పక్కన కూర్చుని ఉన్నారు. లోపల ఆవిడ మంచం మీద నిటారుగా ఉంది. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో రెండే మాటలు అంది. "నా రోజులు. ఈయన తీసుకున్నాడు."

ఆ తరవాత ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆయన కాళ్లు పడితే పట్టనిచ్చేది, అన్నం పెడితే తినేది. మాట మాత్రం లేదు. అమ్మ దగ్గరికి వెళ్తానని నాతో చెప్పి, మందులు ఆపేసింది. కానీ ఆ మందులే ఒంట్లో సత్తువ పీల్చేశాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ప్రయాణం తట్టుకోలేదేమోనన్నారు. పెద్ద డాక్టరుగారు నీరు తీయించి, ఇంకాస్త ఆగమని, మళ్లీ తీయించారు. ఒక్కో రోజూ ఆవిడ కిటికీలోంచి, ఎదురుగా ఇంకా కడుతూనే ఉన్న అపార్ట్‌మెంట్ల వైపు చూస్తూ గడిపింది. ఆవిడ ఊపిరి తీసే చప్పుడు వింటూ డాక్టరుగారూ నేనూ మంచానికి చెరో పక్కనా కూర్చునేవాళ్లం. ఆఖరికి చదువు ముగించుకుని వాళ్లమ్మగారి ఊరికే తిరిగి వెళ్తున్న ఒక విద్యార్థిని తోడు దొరికింది.

శంషాబాద్ విమానాశ్రయంలో, లోపలికి వెళ్లే ద్వారం ముందు చక్రాల కుర్చీ ఆగింది. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని అరబ్బీలో ఏదో చెప్పింది. చెప్పి, ఇన్నాళ్లకు మొదటిసారి భర్త వైపు తిరిగి, చెప్పమన్నట్టు చూసింది. ఆయన నిటారుగా నిలబడ్డారు. రోగుల దగ్గర నిలబడ్డట్టే, చేతులు ముందుకు కట్టుకుని.

"నేను ఈయన్ని ఇంకా క్షమించలేదు" అన్నారు ఆవిడ మాటగా. "క్షమించేంత సమయం నాకు ఉంటుందో లేదో తెలియదు. కానీ ఈయనకు వంట రాదు. ఒంటరిగా ఉంటే తినడు. సిస్టర్, నా భర్తను ఆకలితో ఉండనివ్వకండి."

ఒక్క ముక్క వదల్లేదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. ఆవిడ తల ఊపింది. చెయ్యి చాచి ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. కుర్చీ లోపలికి వెళ్లిపోయింది.

వాళ్లమ్మగారి పక్కన పడుకునే, నెల తిరగకుండా పోయింది. కబురు వచ్చినప్పుడు ఆయన ఒక రోగి పక్కన నిలబడి ఉన్నారు. ఫోను చూసి జేబులో పెట్టుకుని, "నాకు మళ్లీ ఆకలి వేస్తోంది డాక్టర్, ఇది మంచి గుర్తేనా?" అని ఆ రోగి ప్రశ్న పూర్తి చేశారు. డాక్టరు జవాబు కూడా రోగికి చెప్పి, వరండాలోకి వచ్చి నేల మీద కూలబడ్డారు. "ఏంది సారు, గట్ల కూసున్నరు? జర నీళ్లు తాగుండ్రి" అంటూ ఆయమ్మ గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చుంది. ఆయన తాగలేదు. ఆమె భుజం మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు.

ఇప్పటికీ ఆదివారాలు నా దగ్గరే భోజనం చేస్తారు. ఊరికి చేరాక ఆవిడ తనతో రోజూ ఫోనులో మాట్లాడేదని మాత్రం చెప్పారు. ఏం మాట్లాడిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తినడం అయ్యాక లేచి వెళ్లే తొందరేమీ ఉండదు ఆయనకు, వెళ్లి చేసేదేమీ లేదు కనుక. ఒకప్పుడు ఆవిడతో కొన్ని నెలల కోసం అబద్ధమాడిన మనిషికి ఇప్పుడు ఎటు చూసినా కాలమే మిగిలింది. అందులోంచి ఆవిడ రోజులు తిరిగి ఇచ్చుకుందామంటే ఆ మనిషే లేదు.